కృతిపతి నుంచి కాపీరైటు దాకా

పాలమూరు సంస్థానాల అక్షర చరిత్ర: ఏడో భాగం

కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, కృష్ణకు ఉత్తరాన వనపర్తి, నల్లమల అంచున కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానాలు నిజాం రాజ్యపు దక్షిణ సరిహద్దులో ఇరుగుపొరుగుగా ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ నేల జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలోకి వచ్చింది. ఈ సంస్థానాల సాహిత్య పోషణ గురించి చాలామంది చాలా రాశారు గాని, ఆ పోషణలో పుట్టిన గ్రంథాన్ని ఎవరు చదవగలిగారు, ఎవరు నకలు తీసుకోగలిగారు, ఎవరి అనుమతితో అచ్చు వేయించగలిగారు అన్న ప్రశ్నల జోలికి వెళ్లినవారు తక్కువ. మనిషి తన బుద్ధితో సృష్టించిన రచన మీదనో, పనితనం మీదనో, పేరు మీదనో చట్టం కల్పించే యాజమాన్యాన్ని ఇవాళ మేధాసంపత్తి హక్కు అంటున్నారు. ఆ హక్కు ఈ ప్రాంతానికి చేరేనాటికే పుస్తకానికీ పాఠకుడికీ మధ్య ఇక్కడ వేరే కాపలాలు ఉండేవి. వాటిని తెలుసుకోకుండా కాపీరైటు చేసిన మేలూ కీడూ తూచడం కుదరదు.

అచ్చు రాకముందు కావ్యానికి పెద్ద దిక్కు కృతిపతి. కవి తన కావ్యాన్ని రాజుకో, మంత్రికో, ఇష్టదైవానికో అంకితమిచ్చేవాడు. దాన్ని పుచ్చుకున్నవాడు కృతిపతి. అవతారికలో అతని వంశావళి, షష్ఠ్యంతాలలో అతని బిరుదులు వచ్చేవి. బదులుగా కవికి అగ్రహారమో, వార్షికమో, సభలో సన్మానమో దక్కేది. ఈ లావాదేవీలో చేతులు మారినది కీర్తి. గ్రంథాన్ని మరొకరు నకలు తీసుకోకుండా ఆపే హక్కు కృతిపతికీ లేదు, కవికీ లేదు. తాటాకులు సంపాదించుకుని, లేఖకుడికి కూలి ఇచ్చుకుని, మూలప్రతి ఉన్న ఇంటి గుమ్మం ఎక్కగలిగినవాడు దాన్ని రాయించుకునేవాడు.

ఆ గుమ్మం ఎక్కగలిగినవారు ఎందరన్నదే అసలు ప్రశ్న. ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన సంస్థానంలో పండిత సభలు జరిగేవి. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. సభకు వచ్చిన పండితుడికి గ్రంథం అందేది గాని, అదే ఊళ్లో మగ్గం మీద కూర్చున్న నేతగాడికి, నడిగడ్డ పొలాల్లో అరక కట్టిన రైతుకు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లకు అది అందే దారి లేదు. కాపీరైటు లేని పాత రోజుల్లో విద్య అందరి సొత్తుగా ఉండేదని కొందరు వాదించడం కద్దు. ఆ వాదానికి పాలమూరు సంస్థానాల చరిత్రలో ఆధారం దొరకదు. చట్టం అడ్డు లేని చోట కులం, నిరక్షరాస్యత, దర్బారు మర్యాద అడ్డు నిలిచాయి.

అచ్చు వచ్చాక ఈ గ్రంథాలలో కొన్ని కొత్త రూపం ఎత్తాయి. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు రాసిన ‘చంద్రికాపరిణయం’ అందుకు మంచి ఉదాహరణ. శ్లేషలతో, చిత్రకవిత్వంతో నిండిన ఆ ప్రబంధానికి అదే సంస్థానానికి చెందిన వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి విపులమైన వ్యాఖ్య రాశారు. ఆధునిక చట్టం ఇలాంటి పుస్తకాన్ని రెండుగా విడదీసి చూస్తుంది. మూలపద్యాలు ఎవరి సొత్తూ కావు. వాటిని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వ్యాఖ్య మాత్రం వ్యాఖ్యాతల సొంత రచన గనుక దాని మీద హక్కు వారు బతికినంత కాలం, ఆ పైన కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. వ్యాఖ్య లేనిదే పద్యం బోధపడని పాఠకుడికి, మూలం మీద హక్కు లేదన్న సంగతి పెద్దగా అక్కరకు రాదు.

సంస్థానాల ఎల్ల దాటి నిజాం రాజ్యంలో తెలుగు చదువుల పరిస్థితి ఇంకా ఇరుకైనది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన నాటి నుంచి గ్రంథాలయాలు ఊరూరా మొలకెత్తడం మొదలైంది గాని, ముందస్తు అనుమతి లేకుండా సభ జరపరాదన్న ‘గస్తీ నిషాన్ 53’ వాటి వార్షికోత్సవాలకు కూడా అడ్డు తగిలేది. గస్తీ అంటే సర్కారు అధికారులకు పంపే ఉత్తర్వు. పుస్తకం చదవడానికి కాదు గాని, పదిమంది కూడి దాన్ని గురించి మాట్లాడుకోవడానికి సర్కారు సెలవు కావలసి వచ్చిన కాలం అది.

ఆ కాలంలో ఈ నేల నుంచి వచ్చిన వ్యక్తి సురవరం ప్రతాపరెడ్డి. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామం. 1896లో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1926 మే 10న హైదరాబాదు నుంచి ‘గోలకొండ పత్రిక’ ప్రారంభించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చేలా ముడుంబ వేంకట రాఘవాచార్యులు అదే పత్రికలో రాసిన మాటకు జవాబుగా, పల్లెపల్లె నుంచి కవుల పేర్లు, జీవిత విశేషాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించాడు. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి తెలుగువాళ్లు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలు ఆడారో కావ్యాల లోంచి ఏరి చెప్పిన ఆ గ్రంథానికి 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డి, ఆ పురస్కారం రాకముందే, 1953 ఆగస్టు 25న కన్నుమూశాడు.

ఆయన పుస్తకాలు ప్రజల సొత్తుగా ఎప్పుడు మారాలన్నది ఆయన మరణానంతరం, ఆయనకు సంబంధం లేని కారణాల మీద తేలింది. అది ఎలా తేలిందో తెలియాలంటే చట్టం నడిచిన దారి కొంత చూడాలి. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో 1847లో వచ్చిన మొదటి కాపీరైటు చట్టం, ఇంగ్లండులో అప్పటికి ఉన్న కాలపరిమితులనే ఇక్కడికీ తెచ్చింది. బ్రిటన్ 1911లో చేసిన చట్టాన్ని కొద్దిపాటి మార్పులతో బ్రిటిషిండియాకు వర్తింపజేస్తూ 1914లో మరో చట్టం వచ్చింది. దానితో రచయిత జీవితకాలం, ఆపైన 50 సంవత్సరాలు అన్న లెక్క స్థిరపడింది. ఆ 1914 చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉండేది: బ్రిటిషిండియాలో తొలిసారి అచ్చయిన రచనను అనువదించే హక్కు రచయిత చేతిలో 10 సంవత్సరాలే ఉండేది, ఆలోగా అనువాదం రాకపోతే ఆపైన ఎవరైనా చేసుకోవచ్చు. ఒక భాషలో పుట్టిన పుస్తకం పక్క భాషలోకి పోవడం సర్వసాధారణంగా ఉన్న దేశానికి తగిన నియమం అది.

స్వాతంత్ర్యం వచ్చాక 1955లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు, మరణానంతర హక్కును 25 సంవత్సరాలకు కుదించాలని ప్రతిపాదించింది. సంయుక్త సంఘం దాన్ని మళ్లీ 50కి పెంచింది. 1957 చట్టం ఆ లెక్కతోనే వెలువడి 1958 జనవరిలో అమలులోకి వచ్చింది. ఆ తర్వాతి మలుపు బెంగాలు నుంచి వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941 ఆగస్టులో మరణించాడు గనుక ఆయన రచనల మీద విశ్వభారతి విశ్వవిద్యాలయానికి ఉన్న హక్కు 1991 డిసెంబరు 31తో ముగియాలి. గడువుకు మూడు రోజుల ముందు కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి కాలపరిమితిని 60 సంవత్సరాలకు పొడిగించింది. 1992లో అది చట్టమైంది. ఒక్క రచయిత కోసం తెచ్చిన పొడిగింపు, అప్పటికి హక్కు తీరని ప్రతి భారతీయ రచయితకూ వర్తించింది.

ఈ తేదీలను ఇటిక్యాలపాడు రచయితకు అన్వయిస్తే లెక్క స్పష్టంగా తేలుతుంది. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి చట్టం లెక్క పెడుతుంది. 1955 బిల్లు యథాతథంగా నెగ్గి ఉంటే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1978 డిసెంబరుతో ప్రజాధీనమయ్యేది. ప్రజాధీనం, అంటే పబ్లిక్ డొమైన్, అంటే ఎవరి అనుమతీ అక్కర లేకుండా ఎవరైనా అచ్చు వేసుకోగల స్థితి. 1957 నాటి లెక్క నిలిచి ఉంటే 2003 డిసెంబరుతో అయ్యేది. ఠాగూర్ పొడిగింపు వల్ల 2013 డిసెంబరు 31 దాకా ఆగవలసి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం గాని, అంతకుముందున్న బెర్న్ ఒప్పందం గాని ఇలాంటి రచనలకు కోరేది 50 సంవత్సరాలే గనుక, ఆ అదనపు పదేళ్లు ఎవరి ఒత్తిడి మీదా ఇవ్వలేదు. దేశం తనంతట తానే ఇచ్చుకుంది.

హక్కు కాలాన్ని పెంచినప్పుడల్లా చెప్పే సమర్థన, రచయితకు ప్రోత్సాహం ఉండాలని. 1953లో కన్నుమూసిన మనిషిని ఇంకో పుస్తకం రాయమని ప్రోత్సహించడం 1992 నాటి ఏ చట్టానికీ సాధ్యం కాదు. వారసులకు కొంత ఆదాయం రావచ్చు గాని, ఆరున్నర దశాబ్దాల నాటి తెలుగు పరిశోధన గ్రంథం మీద వచ్చే రాయల్టీ ఎంతని? అటు పక్కన, చౌక ముద్రణకో, పాఠశాలల సంకలనానికో, అంధులకు చదివి వినిపించే ధ్వని పుస్తకానికో పదేళ్లు అనుమతి అడగవలసిన అవసరం మిగిలింది. అంధుల కోసం అనుమతి అక్కర లేని రూపాలు తయారు చేసుకునే వీలు 2012 సవరణతో గాని చట్టంలోకి రాలేదు.

వనపర్తిలో కథ మరో దిక్కుకు తిరిగింది. అక్కడి రాజవంశీకుడు రాజా జె. రామేశ్వరరావు సంస్థానం పోయాక దౌత్యవేత్తగా, మహబూబ్‌నగర్ లోక్‌సభ సభ్యుడిగా పనిచేయడమే కాక, పుస్తక ప్రచురణలోకి దిగాడు. లాంగ్‌మన్స్ గ్రీన్ అనే బ్రిటిషు ప్రచురణ సంస్థ భారత శాఖ నుంచి 1948లో ఏర్పడిన ఓరియంట్ లాంగ్‌మన్స్‌లో ఆయన కుటుంబం పెద్ద వాటా సంపాదించడంతో, ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో నిలదొక్కుకుంది. కృతులు అంకితం పుచ్చుకున్న వంశంలోని మనిషి, రచయితలతో ఒప్పందాలు రాసుకుని రాయల్టీ లెక్కలు కట్టే ప్రచురణకర్త కావడం ఈ ధారావాహికలో ఇప్పటిదాకా చెప్పుకున్న మార్పులన్నిటిలోకీ ఆసక్తికరమైనది. పేరు విషయంలో ఆ కంపెనీకీ చిక్కు తప్పలేదు. బ్రిటన్‌లోని లాంగ్‌మన్ 1968లోనే పియర్సన్ చేతిలోకి పోయింది. లాంగ్‌మన్ అన్న పేరు మీద హక్కు అలా వేరొకరిది కావడంతో, ఓరియంట్ లాంగ్‌మన్ 2008లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్‌గా పేరు మార్చుకుంది.

ఆ కంపెనీ ఎదిగిన కాలంలోనే పాఠ్యపుస్తకాల హక్కుల మీద బీద దేశాలకూ సంపన్న దేశాలకూ పెద్ద తగవు నడిచింది. విద్యకు కావలసిన పుస్తకాలను అనువదించుకోవడానికి, తిరిగి అచ్చు వేసుకోవడానికి సడలింపులు కావాలని 1967 స్టాక్‌హోం సమావేశంలో భారతదేశం ముందు నిలిచి అడిగింది. బ్రిటిషు ప్రచురణకర్తలు గట్టిగా ఎదిరించారు. 1971లో పారిస్‌లో రాజీ కుదిరింది. దాని ఫలితంగా 1983 సవరణతో మన చట్టంలోకి వచ్చిన ఒక నియమం తెలుగు పాఠకులకు ప్రత్యేకించి పనికివచ్చేది. విదేశీ పుస్తకాన్ని బోధన, పరిశోధనల కోసం అనువదించదలచిన వ్యక్తి, హక్కుదారు ఒప్పుకోకపోయినా నిర్ణీత రుసుము కట్టి లైసెన్సు కోరవచ్చు. మామూలుగా పుస్తకం వెలువడిన మూడేళ్లకు గాని ఆ వీలు లేదు, అనువాద భాష సంపన్న దేశాలలో సాధారణ వాడుకలో లేనిదైతే మాత్రం ఏడాది చాలు. తెలుగు ఆ రెండో కోవలోకి వస్తుంది. ఇంత అనుకూలమైన నియమం పుస్తకంలోనే ఉండిపోయింది. దాన్ని వాడుకున్నవారు అరుదు. విచారణ, నోటీసులు, ఎదురుచూపుల ఖర్చు భరించి ఐదు వందల ప్రతుల తెలుగు పుస్తకం వేసే ప్రచురణకర్త ఎక్కడుంటాడు?

ఈ తగవు కోర్టు మెట్లెక్కినది ఢిల్లీలో. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక జెరాక్సు దుకాణం విద్యార్థులకు పాఠ్యభాగాల కట్టలు తయారు చేసి ఇస్తున్నదని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధనలో భాగంగా నకలు తీయడం కాపీరైటు ఉల్లంఘన కాదని 2016 సెప్టెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ధర్మాసనం కూడా ఆ సూత్రాన్ని నిలబెట్టింది. గద్వాల డిగ్రీ కళాశాల పక్కన జెరాక్సు మిషను పెట్టుకున్నవాడికి ఈ తీర్పు పేరు తెలియకపోవచ్చు గాని, అతని రోజువారీ వ్యాపారానికి అండ అదే.

రచన మీద కాక పేరు మీద ఉండే హక్కుకు ఉదాహరణగా గద్వాల చీర సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చీర నడిమి భాగం నూలు, అంచులూ కొంగూ పట్టు; మూడు నాడెలతో నేస్తూ, నూలుకూ పట్టుకూ సరిహద్దు దగ్గర పేక పోగులను ఒకదానిలో ఒకటి చిక్కించుకుంటూ పోవడం కుప్పడం పద్ధతి. 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టం కింద ‘గద్వాల చీర’ నమోదైంది. ఆ గుర్తింపు పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ పోతే ఎప్పటికీ తీరదు. అయితే అది కాపాడేది పేరును, పనితనాన్ని కాదు. కుప్పడం నేత ఎవరైనా నేర్చుకోవచ్చు, నేయవచ్చు. గద్వాల పేరు పెట్టి అమ్మరాదు, అంతే. విద్యను తెరిచి ఉంచి పేరుకు మాత్రం కాపలా పెట్టిన ఈ ఏర్పాటు, మేధాసంపత్తి చట్టాలన్నిటిలోకీ పాఠకుడికి, అభ్యాసకుడికి అతి తక్కువ నష్టం చేసేది.

పుస్తకాల విషయంలో అంత తేలిక పరిష్కారం దొరకదనడానికి ‘గోలకొండ కవుల సంచిక’ సాక్ష్యం. ప్రతాపరెడ్డి హక్కు 2013తో తీరిపోయినా, సంచిక మొత్తం విడుదల కాదు. సంకలనకర్తకు ఉండే హక్కు ఎంపిక మీద, కూర్పు మీద, తన సొంత రాత మీద మాత్రమే. అందులోని పద్యం మీద హక్కు దాన్ని రాసిన కవిది. 354 మంది కవులంటే చట్టం దృష్టిలో 354 వేరువేరు గడువులు. 1940 లోపు గతించిన కవుల పద్యాలకు 50 ఏళ్ల లెక్కన పొడిగింపు రాకముందే గడువు తీరింది. 1960లో గతించిన కవి పద్యం 2020 డిసెంబరుతో తీరింది. 1934లో ఇరవై ఏళ్ల కుర్రవాడుగా నాలుగు పద్యాలు పంపి, 1990 దాకా బతికిన కవి ఉంటే, ఆ నాలుగు పద్యాలకు 2050 దాకా గడువు ఉంది. పల్లెటూరి పురోహితుడో, కరణమో, బడిపంతులో అయిన ఆ కవి ఏ ఏడు పోయాడో ఊళ్లో చెప్పగలిగినవారు మిగలలేదు. హక్కు ఉండి, హక్కుదారు జాడ తెలియని ఇలాంటి రచనలను అనాథ రచనలంటారు.

దీని మీద ఇంకో చిక్కు ముడి ఉంది. 1914 చట్టం బ్రిటిషిండియాది. నిజాం రాజ్యంలో అది తనంతట తాను అమలు కాదు. 1957 చట్టమేమో, తాను రద్దు చేసిన పాత చట్టాల కింద హక్కు లేని రచనకు కొత్తగా హక్కు పుట్టించదు. హైదరాబాదులో 1934లో అచ్చయిన పద్యానికి ఏ చట్టం కింద హక్కు మొదలైందో ముందు తేల్చుకుంటే గాని, అది ఎప్పుడు ముగిసిందన్న లెక్క మొదలుకాదు. పది రూపాయల లాభం రాని పుస్తకం కోసం ఈ వాదం వినిపించే వకీలు దొరకడు. తెలిసిన యజమాని ఇచ్చే అనుమతి కంటే, తెలియని యజమాని భయమే పాత తెలుగు పుస్తకాన్ని ఎక్కువగా అడ్డుకుంటున్నది.

ఆ భయం ఫలితం ఒకసారి దేశమంతటా కనిపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్తగా 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలన్న ప్రాజెక్టుకు పూనుకున్నాడు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటివి అందులో పాలుపంచుకోగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలు తెర మీదికి వచ్చాయి. ఎప్పుడో మాయమైపోయిన ముద్రణలు అక్కడ దొరికేవి. అయితే గడువు తీరినవీ తీరనివీ కలగాపులగంగా ఎక్కించడంతో కాపీరైటు అభ్యంతరాలు వచ్చి, ఆ సైటు మూతపడింది; నిస్సందేహంగా ప్రజాధీనమైన గ్రంథాలు కూడా వాటితోపాటే కనుమరుగయ్యాయి. వాటి ప్రతులు చాలావరకు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండబట్టి సరిపోయింది గాని, లేకుంటే ఆ శ్రమ అంతా వృథా అయ్యేదే. ఏ పుస్తకం గడువు ఎప్పుడు తీరిందో చెప్పే జాబితా ఒకటి ముందుగా తయారు చేసుకుని ఉంటే ఈ అవస్థ తప్పేది. అలాంటి జాబితాకు కావలసింది రచయితల మరణ సంవత్సరాలు. అవి సేకరించే పని ఏ ప్రభుత్వ శాఖకూ అప్పగించలేదు.

ఈ చిక్కుకు చట్టంలో దారులు లేకపోలేదు. 2012 సవరణ తర్వాత 31ఎ సెక్షను కింద, రచయిత చనిపోయి గాని, ఆచూకీ తెలియక గాని హక్కుదారు దొరకనప్పుడు, అతని కోసం వెతికినట్టు ప్రకటన ఇచ్చి, రుసుము జమ కట్టి, ప్రచురణకు లైసెన్సు పొందవచ్చు. అడగవలసిన చోటు మాత్రం మారుతూ వచ్చింది: కాపీరైటు బోర్డును 2017లో అప్పిలేటు బోర్డులో కలిపారు, 2021లో ఆ బోర్డును కూడా రద్దు చేసి పనిని కోర్టులకు అప్పగించారు. ఇంతకంటే దగ్గరి దారి 52వ సెక్షనులో ఉంది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి తన ఉపయోగం కోసం మూడు ప్రతుల దాకా నకలు తీసుకోవచ్చు. తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలోనూ దాచుకోవచ్చు. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర లేదు, రుసుమూ లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. ఆ మూడు జిల్లాల కేంద్ర గ్రంథాలయాలు ‘గోలకొండ కవుల సంచిక’లో తమ ప్రాంతపు కవులున్న పుటలను ఈ నియమం కింద నకలు తీసి, ఒక్కొక్క కవి ఊరికి మనిషిని పంపి మరణ సంవత్సరం కనుక్కుని పుట పక్కన రాయించగలిగితే, 354 గడువులలో ఈ ప్రాంతానివి ఎన్ని తీరాయో ఒకటి రెండేళ్లలో తేలిపోతుంది.

(వచ్చే భాగం: నల్లమల చెంచుల మూలికా జ్ఞానం, పసుపు పేటెంటు, జీవవైవిధ్య చట్టం)